దళారీని తీసేస్తే ఆ పని ఎవరిది?

పంట నేరుగా అమ్ముకోవడం గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాలకు నల్గొండ జిల్లా చింతపల్లి మండలానికి చెందిన ఒక మహిళా రైతు జవాబులు చెబుతున్నారు. మూడెకరాల్లో కూరగాయలు పండిస్తారు. వారానికోసారి సాగర్ రోడ్డు మీదుగా బి.ఎన్.రెడ్డి నగర్, వనస్థలిపురం ఇళ్లకు బుట్టలు పంపుతారు. మిగిలిన కాయ మార్కెట్‌కే వేస్తారు.

ప్రశ్న: అక్కా, నాకు ఎకరంన్నర ఉంది. దొండ, బీర పందిరి వేశాను. మార్కెట్‌లో దొండకు కిలో 18 రూపాయలు వస్తే, అదే కాయ హైదరాబాద్‌లో 40కి అమ్ముతున్నారు. మనమే నేరుగా అమ్మితే రెండింతలు మిగులుతుందని మా బావ అంటున్నాడు. నిజమేనా?
— యువ రైతు, కనగల్ మండలం

జవాబు: తమ్ముడూ, మీ బావ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. కానీ ఆయన ఎప్పుడూ ట్రాలీ కిరాయి కట్టినట్టు లేడు.

పద్దెనిమిదికీ నలభైకీ మధ్యనున్న ఇరవై రెండు రూపాయలు ఒక్కడి జేబులోకే పోతాయని మనం అనుకుంటాం. నీ తక్‌పట్టీ, అంటే దుకాణంవాడిచ్చే లెక్క చీటీ, తీసి చూడు. కమీషన్ ఉంటుంది, హమాలీ ఉంటుంది, తరుగు ఉంటుంది. అక్కడ కొన్నవాడు దాన్ని మళ్లీ ఆటోకెక్కించాలి. తోపుడు బండి ఆమె పొద్దున నలభైకి అమ్మిన కాయనే చీకటి పడేసరికి ఇరవైకి ఇచ్చేస్తుంది, వాడిపోయింది పారబోస్తుంది. రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన అధ్యయనంలో, కొనేవాళ్లు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది టమాటలో సుమారు 33 పైసలు, ఉల్లిలో 36, ఆలుగడ్డలో 37 అని లెక్క తేల్చారు. మిగతా అరవై పైచిలుకు పైసల్లో లాభం లేదని నేననను. కానీ అందులో చాలా భాగం ఎవరో ఒకరు చేసిన పనికి కూలి. దళారీని తీసేసినంత మాత్రాన ఆ పని పోదు, నీ ఇంటికి వస్తుంది. చేసుకుంటే ఆ కూలి నీది. చేసుకోలేకపోతే ఆ నష్టమూ నీదే.

నా లెక్క చెప్తాను. బుట్టలో దొండ నేను కిలో 32కి ఇస్తాను. ట్రాలీ కిరాయి, ఏరివేత కూలి, సంచులు, మెట్లెక్కి ఇళ్లకు చేర్చే అబ్బాయి కూలి తీసేస్తే చేతికి 24, 25 మిగులుతుంది. నువ్వు చెప్పిన ధర మీద ఆరేడు రూపాయలు ఎక్కువ, అంతే. రెండింతలు కాదు.

అయినా ఎందుకు చేస్తున్నానంటే, నువ్వు చెప్పిన ఆ పద్దెనిమిది ఏ వారం ధర? అదే మార్కెట్‌లో ఆరు రూపాయలు కూడా చూసి ఉంటావు. ఆ రోజు కోత కూలి కూడా రాలేదని పందిరి కింద కాయ ముదిరిపోనిచ్చి ఉంటావు. నాకు ఇప్పుడు విత్తనం కొనే రోజే కాయ ధర తెలుసు. ముప్పై రెండంటే ముప్పై రెండే, ఏడాదంతా. క్వింటాలుకు ఇన్ని కిలోల తరుగు అనేవాడు లేడు. డబ్బు అదే రోజు ఫోన్లో పడుతుంది. పదిహేను రోజుల తర్వాత దుకాణం ముందు నిలబడి మన పైసలు మనం అడుక్కునే బాధ తప్పింది. లాభం ఎక్కడని అడిగితే నేను చూపించేది ఇదే. కిలో మీద వచ్చే ఆరు రూపాయలు దాని తర్వాతి మాట.

ఇక నీ పొలం సంగతి. దొండ, బీర మాత్రమే ఉంటే బుట్ట నడవదు. ఒక ఇంటివాళ్లు వారానికి ఎంత దొండ తింటారు? అరకిలో, ముప్పావు. నీ పందిరి బాగా కాస్తే కోతకు క్వింటాలు దిగుతుంది. అది తినడానికి నీకు రెండు వందల ఇళ్లు కావాలి, వాళ్లకు మళ్లీ టమాట, పచ్చిమిర్చి, పుంటికూర, కొత్తిమీర ఇంకెవరో తేవాలి. అందుకే నేను పొలాన్ని ముక్కలు చేసుకున్నాను. అర ఎకరం పందిరి, దాని పక్కన వంగ, బెండ, గోరుచిక్కుడు. ఆకుకూర మడులు ఒకేసారి వేయను, పది రోజులకొక మడి చల్లుతాను, ఒకటి కోస్తుంటే ఇంకొకటి మొలుస్తుంటుంది. గట్ల మీద కంది, ఆముదం. టమాట మా తోడికోడలు వేస్తుంది, నిమ్మకాయలు పక్క చేను వాళ్లవి. మా ఊళ్లో నలుగురం కలిస్తేనే ఒక బుట్ట నిండుతోంది. నీ చుట్టుపక్కల అలా కలిసొచ్చే వాళ్లున్నారా, ముందు అది చూసుకో.

ఇంకోమాట. ఇంట్లో మీ ఆవిడనో అమ్మనో అడిగావా? గురువారం సాయంత్రం ఎవరికి ఏం కావాలో ఫోన్లో రాసుకోవాలి. శుక్రవారం కోయాలి, ఏరాలి, కట్టలు కట్టాలి, ఇంటింటికీ వేరే సంచి. శనివారం తెల్లవారుజామున మూడింటికి ట్రాలీ కదలాలి. ఆదివారం "మెంతికూర రాలేదు" అని ఫోన్లు. వీటిలో సగం పనులు ఆడవాళ్ల మీదే పడతాయి. మార్కెట్‌కు వేసిన రోజుల్లో ఆ బస్తా ఎత్తేసి మా ఆయన నిద్రపోయేవాడు. ఇప్పుడు ఎవరం పడుకోం. ఇంట్లో అందరూ సరేనంటేనే మొదలుపెట్టు. అదీ ముందు పది, పదిహేను ఇళ్లతో. మార్కెట్ దుకాణంతో మాత్రం తెంచుకోకు.

ప్రశ్న: అమ్మా, మా వీధిలో కొందరం ఒక రైతు దగ్గర వారం బుట్ట తీసుకుంటున్నాం. మధ్యలో ఎవరూ లేరు కాబట్టి బయటకంటే చవకగా ఉండాలి కదా. చలికాలంలో టమాట అంతటా పది రూపాయలుంటే ఆమె 25 తీసుకుంది. కాయలు కూడా ఒక సైజులో ఉండవు. ఇదేం న్యాయం?
— గృహిణి, వనస్థలిపురం

జవాబు: అమ్మా, ఆమె వానాకాలంలో ఎంత తీసుకుందో రాయలేదు మీరు.

2023 జూలై గుర్తుందా? హైదరాబాద్‌లో కిలో టమాట 150 దాటింది. ఆ నెల మా బుట్టల్లో టమాట 30కే వెళ్లింది. ఇంటికి కిలోకు మించి ఇవ్వలేకపోయాం, కానీ ధర మార్చలేదు. మాటంటే మాట కదా. అప్పుడు ఒకావిడ ఫోన్ చేసి పది కిలోలు పంపమంది, చుట్టాలకట! నవ్వొచ్చింది. ఏ చుట్టాలో నాకు తెలుసు.

మరి చలికాలం చివర్లో మీ దగ్గర పది రూపాయలంటే మా చేను దగ్గర రెండో మూడో. బాక్సు నింపి ఎత్తే కూలి కూడా రాదు. రోడ్డు మీద టమాట పారబోసిన ఫొటోలు మీరు ఏటా పేపర్లో చూస్తూనే ఉంటారు. ఆ నెలలో మీరిచ్చే 25 రూపాయలతోనే ఆమె మళ్లీ నారు పోస్తుంది. చవక కావాలంటే తప్పేం లేదు, సాయంత్రం పూట రైతుబజారుకు వెళ్లండి, బేరం ఆడండి. కానీ ఆమె దగ్గర ఏడాది ధర ఒప్పుకున్నాక చలికాలంలో బయటికి పోయి, వానాకాలంలో తిరిగి వస్తే మాత్రం ఆమెకు కుదరదు.

సైజు గురించి నిర్మొహమాటంగా చెప్పాలంటే, మార్కెట్‌లో మీరు చూసే ఒకే సైజు కాయ వెనుక ఏరి పారేసిన గుట్ట ఉంటుంది. ఆ గుట్ట ఖర్చు కూడా మీ ధరలోనే కలిసి ఉంటుంది. వంకర బీరకాయ కూరలోకి పోతే వంకర కనబడదు. పుచ్చు ఉంటే మాత్రం ఊరుకోకండి. ఫొటో తీసి పంపండి, వచ్చే వారం బదులు కాయ అడగండి.

మీరు చెప్పకపోతే మాకు తెలియదమ్మా. నేను మార్కెట్‌కు ఏళ్లకేళ్లు బీరకాయ వేశాను. నా కాయలో పీచు ముదురుతోందని ఒక్కరూ చెప్పలేదు, ఊరికే రెండు రూపాయలు తగ్గించి వేలం పాడేవారు. బుట్టలు మొదలుపెట్టిన కొత్తలోనే బి.ఎన్.రెడ్డి నగర్‌లో ఒక పెద్దావిడ "బిడ్డా, రెండు రోజులు ముందు కొయ్యి" అన్నది. కోసి చూశాం. కాయ బరువు కొంచెం తగ్గింది, కానీ బీర అడిగే ఇళ్లు పెరిగాయి. తినేవాళ్ల మాట పండించేవాళ్ల చెవిన పడటం ఎంత పెద్ద లాభమో నాకు అప్పుడే తెలిసింది. మీ ఫిర్యాదు పత్రికకు కాకుండా ఆమెకే చెప్పి ఉంటే ఈపాటికి మీ ఇద్దరి పనీ అయ్యేది.

ప్రశ్న: రైతుబజారులో కూర్చోవాలంటే ఏం చేయాలి? నాది కౌలు భూమి.
— మహిళా రైతు, మర్రిగూడ

జవాబు: చెల్లీ, రైతుబజార్లు ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలయ్యాయి. కమీషన్ లేదు. పొద్దున్నే ధరల బోర్డు పెడతారు, అది హోల్‌సేల్ కంటే ఎక్కువ, చిల్లర కంటే తక్కువ ఉండేలా చూస్తారు. కూర్చోవాలంటే ఫొటో ఉన్న గుర్తింపు కార్డు కావాలి. నువ్వు నిజంగా కూరగాయలు పండిస్తున్నావని అధికారులు చూశాకే కార్డు ఇస్తారు. నీకు దగ్గరి రైతుబజారు ఎస్టేట్ ఆఫీసర్‌ను, మీ ప్రాంత ఉద్యాన అధికారిని కలువు.

కౌలు దగ్గరే చిక్కు. పట్టాదారు పాసుపుస్తకం నీ పేరు మీద ఉండదు, భూమి యజమాని రాసివ్వడానికి భయపడతాడు. పంట నువ్వే వేశావని ఆయనతో ఒక కాగితం రాయించుకుని, పంట నిలిచి ఉన్నప్పుడే చేనుకు అధికారిని పిలిపించు. పంట అయిపోయాక ఎంత మొత్తుకున్నా లాభం లేదు. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్లకు ఛార్జీ లేదు కదా, రైతుబజారుకు నువ్వు ఊరికే పోవచ్చు. బస్తాకు మాత్రం లగేజీ టికెట్ కొడతారు, గొడవ పడకు. మొదటి బస్సులో కండక్టర్‌తో మంచిగుంటే రోజూ పని జరుగుతుంది.

ప్రశ్న: ఆరెకరాల బత్తాయి తోట. ఏటా తోట మీదనే గుత్తకు ఇస్తున్నాం, లేదంటే టన్ను లెక్కన. సూట్ పేరుతో టన్నుకు ఇంత అని తూకం తగ్గించి రాస్తున్నారు. మంగు ఉందని ధర సగం చేస్తున్నారు. మొత్తం తోట నేరుగా అమ్మేద్దామని ఉంది.
— బత్తాయి రైతు, గుర్రంపోడు

జవాబు: అన్నా, మొత్తం తోట వద్దు. ఆరెకరాలంటే టన్నులకు టన్నులు దిగుతాయి. అంత కాయ సంచుల్లో పెట్టి ఇళ్లకు ఎవరు మోస్తారు? మన సాత్‌గుడి బత్తాయి ఢిల్లీ దాకా లారీలకెక్కి పోతుంది. ఆ బేరం ఆ దారిలోనే నడవాలి. నువ్వు చేయాల్సింది అందులోంచి ఒక చెట్ల వరుస పక్కన పెట్టుకోవడం.

ముఖ్యంగా ఆ మంగు కాయ. నల్లి గీరితే తొక్క మీద గోధుమ రంగు పట్టు వస్తుంది, లోపల తొనకు ఏమీ కాదు. సేటు దాన్ని ఏరి పక్కన పెడతాడు, ఎందుకంటే లారీ దిగిన చోట రంగు చూసి కొంటారు. ఇంట్లో రసం తీసుకునేవాళ్లకు తొక్కతో పనేముంది? పోయినేడు మా చుట్టాల తోట నుంచి మంగు కాయ తెచ్చి బుట్టల్లో ఇంటికి రెండు చొప్పున ఊరికే పెట్టాను. "ఇవి పాడైన కాయలా?" అని మొదట అడిగారు. కోసుకుని తిన్నాక వాళ్లే కావాలన్నారు. తర్వాతి వారం ఐదు కిలోల సంచులు కట్టాం. మార్కెట్‌లో దెబ్బతినే కాయకు మంచి కాయ ధర వచ్చింది. నేరుగా అమ్మడంలో మీ పంటకు కలిసొచ్చేది ఇదే, బేరగాడు తక్కువ చేసిన కాయ విలువ తినేవాళ్ల ముందు నిరూపించుకోవచ్చు. బత్తాయి కాబట్టి వారం రోజులు ఆగుతుంది కూడా, కొత్తిమీరలా మధ్యాహ్నానికే తల వాల్చదు. ఆర్టీసీ కార్గోలో పెట్టెలు వేసి, అవతల ఎవరైనా దించుకునేలా చూసుకోవచ్చు.

కత్తెర పంటలో ఇంకా బాగుంటుంది. అది కోతకొచ్చేది ఎండాకాలం, అప్పుడు కాయ తక్కువ, రసం అడిగేవాళ్లు ఎక్కువ.

సూట్ గొడవ మాత్రం ఒక్కడివల్ల తెమలదు. పది తోటల వాళ్లు ఒకే కాంటా దగ్గర నిలబడి "సూట్ లేకుండా తూకం వేస్తేనే కాయ కోయిస్తాం" అనాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు 2020లో కేంద్రం పెట్టిన పథకంలో మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులు కావాలన్నారు. మూడేళ్లలో నిర్వహణకు 18 లక్షల దాకా, సభ్యుల వాటా ధనానికి జోడింపుగా ఒక్కొక్కరికి 2000 వరకు, మొత్తం 15 లక్షలకు మించకుండా ఇస్తామన్నారు. మీ దగ్గర అలాంటి సంఘం ముందే ఉంటే చేరు. కొత్తది పెట్టాలంటే మాత్రం సంతకాలు పెట్టే 300 మంది కాదు, కాయ కోసే నాడు ఫోన్ ఎత్తే ముప్పై మంది ఉన్నారా అని చూసుకో. లేకపోతే బోర్డు మిగులుతుంది.

ప్రశ్న: సీతాఫలాలు రోడ్డు మీద పెట్టి అమ్ముతాం. రెండు రోజుల్లోనే మెత్తబడి సగం పోతున్నాయి. గంపలెక్కన వ్యాపారికి ఇచ్చేయడమే మేలా?
— బాలానగర్, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: సీతాఫలంలో ఒక రకానికి మీ ఊరి పేరే పెట్టారు. ఆ పేరున్న ఊళ్లోనే కాయను గంపగుత్తకు ఇస్తే ఎట్లా? కళ్లు తెరుచుకుని, గీతల మధ్య తెల్లబడ్డ కాయే కొయ్యండి. మూడు గంపలు పెట్టండి. ఇవాళ తినేది, రేపటిది, ఎల్లుండిది. జాతీయ రహదారి మీద కర్నూలు పోయేవాడికి ఎల్లుండి కాయ ఇవ్వండి, హైదరాబాద్ చేరేవాడికి రేపటిది. ఇలా చెప్పి ఇస్తే వాళ్లు తిరుగు ప్రయాణంలో మీ గంప దగ్గరే ఆగుతారు. ఇంకా మిగిలితే అప్పుడు వ్యాపారి.

ప్రశ్న: మేం పది మంది మహిళలం. మా పల్లీలతో గానుగ నూనె తీసి అమ్మాలనుకుంటున్నాం. లైసెన్సు కావాలా?
— వనపర్తి

జవాబు: మీ చేలో పండిన పల్లీలు పల్లీలుగానే అమ్మితే ఆహార భద్రత చట్టం మిమ్మల్ని ఏమీ అడగదు. నూనె తీస్తే అడుగుతుంది. చిన్న వ్యాపారానికి ఏడాదికి 100 రూపాయల రుసుముతో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నమోదు ఉంటుంది, అది చేయించండి. సీసా మీద ఆ నంబరు, బరువు, తీసిన తేదీ, మీ చిరునామా వేయండి. కాంటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఇవన్నీ తిరిగితే అయిపోయే పనులు. అసలు కష్టం కొత్త నూనె వాసన అలవాటు చేయడం. ప్యాకెట్ నూనె తిన్నవాళ్లకు మొదట ఘాటుగా ఉంటుంది. పావు లీటరు సీసాలతో మొదలుపెట్టండి.

ప్రశ్న: మందులు చాలా తగ్గించాను. సర్టిఫికెట్ లేకుండా సేంద్రియం అని చెప్పి అమ్మవచ్చా?
— దేవరకద్ర

జవాబు: "చాలా తగ్గించాను" అన్నప్పుడే ఇంకా కొడుతున్నావని అర్థమైంది. కాబట్టి అనొద్దు.

పూర్తిగా మానేశాక సంగతి వేరు. స్వయంగా పండించి నేరుగా తినేవాళ్లకే అమ్మే చిన్న రైతుకు నిబంధనల్లో సర్టిఫికెట్ మినహాయింపు ఉంది, కాకపోతే ప్రభుత్వ సేంద్రియ గుర్తు వాడుకోకూడదు. కాగితం కావాలంటే కనీసం ఐదుగురు రైతులు ఒక జట్టుగా ఏర్పడి, ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ పద్ధతి ఉంది, ఖర్చు తక్కువ.

నా సంగతి చెప్తాను. నేను సేంద్రియం అని చెప్పుకోను. వంగకు కొమ్మ, కాయ తొలిచే పురుగు పట్టినప్పుడు వేపనూనెతో ఆగకపోతే మందు కొడతాను. కొట్టిన రోజే బుట్టలు తీసుకునేవాళ్ల ఫోన్ గ్రూపులో రాస్తాను, ఫలానా మందు కొట్టాను, మందు డబ్బా మీద రాసిన గడువు తీరేదాకా వంకాయ రాదు అని. మొదటిసారి రాసినప్పుడు మా కోడలు ఫోన్ లాక్కోబోయింది, అందరూ మానేస్తారని. ముగ్గురో నలుగురో మానేశారు. మిగతావాళ్లు ఉన్నారు. పైగా "ఈ వారం పాలకూరకు ఏం కొట్టావు?" అని ధైర్యంగా అడగడం మొదలుపెట్టారు. "ఏమీ కొట్టలేదు, ఆకుకు చిల్లులున్నాయి చూడండి" అంటే నమ్ముతారు, ఎందుకంటే కొట్టిన రోజు కూడా చెప్పాను కాబట్టి.

ప్రశ్న: మీ పత్రికలో మమ్మల్ని దోచుకునేవాళ్లుగా రాస్తున్నారు. విత్తనానికి, బోరుకు, బిడ్డ పెళ్లికి రాత్రికి రాత్రి డబ్బిచ్చేది మేము. మీ అపార్టుమెంట్ల వాళ్లు ఇస్తారా?
— కమీషన్ వ్యాపారి, నల్గొండ

జవాబు: సేటూ, మీ మాటలో నిజముంది. మా మామ వేయించిన బోరు మీలాంటి దుకాణం డబ్బుతోనే పడింది. బ్యాంకు చుట్టూ తిరిగితే ఆ ఎండాకాలం దాటిపోయేది.

కానీ ఆ డబ్బు తీసుకున్నాక కాయ మీ దుకాణానికే రావాలి. ధర ఎంతన్నా తలూపాలి. తరుగు ఎక్కువ తీసినా అడగలేం, పాత బాకీ ఉంది కదా. వడ్డీ ఒకపక్క, తక్కువ ధర ఇంకోపక్క, రెండువైపులా కట్టేది మేమే.

అపార్టుమెంట్ల వాళ్లు ఇస్తారా అని అడిగారు. కొద్దిగా ఇస్తున్నారు సేటూ. నా బుట్టలు తీసుకునే ఇళ్లలో ఇరవై దాకా జూన్‌లోనే రెండు నెలల డబ్బు ముందుగా కడతారు. అది విత్తనానికి, పందిరి తీగకు, దుక్కి కిరాయికి సరిపోతుంది. జపాన్‌లో 1970లలోనే ఇళ్లవాళ్లు, ముఖ్యంగా తల్లులు, రైతులతో ఇలాగే ఒప్పందం చేసుకునేవారని, అమెరికాలో 1980లలో మొదలైందని పాలెం వ్యవసాయ కళాశాల పిల్లలు మా పొలానికి వచ్చినప్పుడు చెప్పారు. మాకు ఎవరూ చెప్పకుండానే వచ్చింది. ఒక టీచరమ్మ తను ఊళ్లో ఉండనని ముందే డబ్బు పంపింది, మిగతావాళ్లు చూసి పంపారు. ఆ డబ్బుకు వడ్డీ లేదు, కానీ భయం ఉంది. పోయిన ఎండాకాలం ఒక బోరు నీళ్లు తగ్గి బుట్ట సగానికి పడిపోయింది. ఫొటో పెట్టి చెప్పాను, వానాకాలంలో కలిపి ఇస్తానన్నాను. ఇద్దరు డబ్బు వెనక్కి అడిగారు, ఇచ్చేశాను. మిగతావాళ్లు ఆగారు. మీకిలా ఫొటో పెట్టి ఉంటే ఆగేవారా సేటూ? మీరే చెప్పండి.

పెళ్లికి మాత్రం వాళ్లివ్వరు, ఒప్పుకుంటాను. మా అమ్మాయి పెళ్లికి దుకాణానికే వెళ్లాను. తేడా ఏమిటంటే, ఈసారి వడ్డీ వడ్డీగా కట్టాను, కాయ నాకు నచ్చిన చోట అమ్ముకున్నాను. దుకాణం ఆయన మొదట ముఖం ముడుచుకున్నాడు, తర్వాత అలవాటు పడ్డాడు. మీ అవసరం ఇంకా ఉంది కూడా. బీర ఒక్కసారిగా విరగకాస్తే ఆ కాయంతా ఇళ్లవాళ్లు తినలేరు, మీ దగ్గరికే వస్తుంది. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. కాంటా అంకెలు మావైపు తిప్పి పెట్టండి, ఆ తూకమే తక్‌పట్టీలో రాయండి.

ప్రశ్న: మా అపార్టుమెంటులో 60 ఇళ్లున్నాయి. మీరే వచ్చి ఇస్తారా?
— ఎల్.బి.నగర్

జవాబు: నాకు ఉన్న ఇళ్లకే కాయ సరిపోవడం లేదు సార్. ఇంకో అరవై ఒప్పుకుంటే మార్కెట్‌లో కొని మీకు అమ్మాల్సి వస్తుంది. అప్పుడు నేనే దళారీని.

మీకు ఇబ్రహీంపట్నం, యాచారం వైపు రైతులు ఇంకా దగ్గర. ఒక ఆదివారం నలుగురు కలిసి అటు వెళ్లండి. ఒక్కరి పొలం కాకుండా నాలుగైదు చేలు చూడండి. అరవై ఇళ్లూ ఒకేసారి వద్దు, పదిహేను ఇళ్లతో మొదలుపెట్టమనండి. వారానికి ఇంత అని ఒక మొత్తం మాట్లాడుకోండి, ఏం కూర వస్తుందో ఆమెకే వదిలేయండి. సంక్రాంతికి, బతుకమ్మకు ఊళ్లకు వెళ్తే రెండు రోజులు ముందే చెప్పండి, కోసిన కాయను మళ్లీ చెట్టుకు కట్టలేం. వాచ్‌మన్ దగ్గర నీడపట్టున ఒక బల్ల వేయించండి. ఆయనకు నెలకింత అని మీ సొసైటీ నుంచే ఇప్పించండి, రైతు దగ్గర అడగనివ్వకండి. ఖాళీ సంచులు మడిచి ఆ బల్ల మీదే పెట్టమని అందరికీ చెప్పండి. ఒక్కోటి పన్నెండు రూపాయలు పడుతోంది, మీరు ఉతకకపోయినా పర్వాలేదు.